నల్లబండ కాడ తిరిగొచ్చిన అల

మా ఆయన నా తొట్టిలో ఊక చల్లిన రోజున ఈ మనిషికి నిజంగనే మతి తప్పిందనుకున్న. బట్టలు నానబెడదామని పొద్దున్నే బావికాడ్నుంచి బిందెలు మోసి నింపుకున్న సిమెంటు తొట్టి అది. దాని ముందర గొంతుక్కూసోని, గుప్పెడు ఊక నీళ్ల మీద చల్లి, ఒక కొసన అరచేత్తోటి తడుతుండు. తట్టుడు, చూసుడు. మళ్ల తట్టుడు, మళ్ల చూసుడు.

“ఏందయ్యా గిది? చిన్నపిల్లగానివా?” అన్న.

“చూడవే ఆదెమ్మా. అల ఆ కొసకు పోయింది. ఊక పోలే. ఉన్నకాడనే లేచింది, ఉన్నకాడనే దిగింది.”

“పోతే పోయింది తియ్. నా బట్టలెవరు ఉతకాలె, నీ అల వచ్చి ఉతుకుతదా?”

నవ్వుతడేమో అని చూసిన. నవ్వలే. అప్పటికి ఏడాది దాటింది ఆయన నవ్వక. అన్నం పెడితే కలుపుతడు, తినడు. పలకరిస్తే అవ్ అంటడు, దేనికి అవ్ అన్నడో ఆయనకే తెల్వదు. నేనేమో ఒంట్ల బాగలేదేమోనని దవాఖానాకు తీస్కపోయిన. బలం గోలీలు రాసిచ్చిండు డాక్టరు. బలం లేక కాదని ఆ డాక్టరుకేం తెలుసు, నాకే తెల్వకపాయె.

ఇంతకీ ఈ మనిషి ఎవరో చెప్పలేదు గదా. మాది బోనకల్ పక్కన పల్లె. ఆయిలింజన్ల పిచ్చయ్య అంటే మా దిక్కున తెల్వనోళ్లు లేరు. బావి మీద ఇంజన్ మొరాయిస్తే చెవి పెట్టి విని, రోగం ఎక్కడుందో చెప్పేటోడు. ఆ పేరు విని భద్రాచలంల లాంచీల ఓనరు పిలిపించుకున్నడు. ఇద్దరం మూటా ముల్లె సర్దుకుని గోదారి ఒడ్డుకొచ్చి పడ్డం. మొదట్ల లాంచీ అడుగున ఇంజన్ కాడ పని. కొన్నేండ్లకు పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకుని పైన చుక్కాని పట్టిండు. చుక్కాని పట్టెటోన్ని సరంగు అంటరు. సరంగు పైనుంటడు, ఇంజన్ డ్రైవర్ కిందుంటడు. ఇద్దరి నడుమ ఒక తాడు, దాని కొసకు గంట. సరంగు తాడు లాగితే కింద గంట మోగుతది, డ్రైవర్ ఇంజన్ తగ్గిస్తడు, అవసరమైతే ఆపుతడు. గింతే.

ఆ రోజుల్ల కూనవరం దాటి కిందికి పోవాలంటే చాలా ఊళ్లకు బస్సు లేదు, లాంచీయే దిక్కు. ఒడ్డు ఊళ్లోళ్లకు మానును తొలిచి చేసుకున్న దోనెలుంటయ్. గోదారి మీద ఒక మర్యాద ఉండె. దోనెల ఉన్నోళ్లు తెడ్డు పైకెత్తి చూపిస్తే లాంచీ వేగం తగ్గించాలె. ఎందుకంటే లాంచీ ఎనక రెండు దిక్కులా అలలు లేస్తయ్. దోనె ఆ అలకు అడ్డంగ దొరికితే బోర్లా కొడతది. ముక్కు ఎదురుగ తిప్పుకుంటే ఎక్కి దిగుతది. ఇది అక్కడి పసిపిల్లకు కూడా తెలుసు. మొదటి అలలు ఎక్కి దిగినమా, ఇగ భయం లేదు.

దివిసీమ ఉప్పెన వచ్చిపోయినంక ఎండాకాలం అది. లాంచీ కిందికి పోతుంది. లేటైంది, ఓనరు రేవులనే నానా మాటలన్నడు. మద్దిరేవు దాటినంక కొండలు రెండు దిక్కులా దగ్గరికొచ్చి గోదారి సన్నమైతది. ఎడమ దిక్కున నల్లబండ, నిట్టనిలువు గోడ లెక్క నీళ్లల్లకు దిగి ఉంటది. ఆడ ఒక దోనె కనబడ్డది. మద్దిరేవోళ్లే, మొగుడూ పెళ్లాం. రామన్న, నాగక్క. చింతపండు బుట్టలేసుకుని సంతకు పోతున్నరు. నాగక్క తెడ్డు ఎత్తింది. మా ఆయన చూసిండు. గంట తాడు మీద చెయ్యి కూడా వేసిండు. లేటైతుందని లాగలే.

తిరిగి చూసిండంట. దోనె ముక్కు చక్కగ తిప్పుకున్నరు, అలలు ఎక్కి దిగిన్రు. హమ్మయ్య అనుకుని మలుపు తిరిగిండు. మర్నాడు ఎనక్కి వస్తుంటే మద్దిరేవుల ఒకటే ఏడుపు. దోనె బోర్లపడ్డదంట. దోనె అంచు తలకు తగిలి రామన్న మునిగిపోయిండు. నాగక్క బోర్లపడ్డ దోనెను పట్టుకుని ఒడ్డుకొచ్చింది.

“నా లాంచీ అలతోటేనా?” అని అడిగిండంట ఈయన.

రామన్న అన్న పగిడయ్య ఒడ్డున వల ఆరేసుకుంట అంతా చూసిండు. “నీ అల కాదు సరంగూ. నువ్వు మలుపు తిరిగి పోయినవ్. అల పోయింది, నీళ్లు సద్దుమణిగినయ్. అప్పుడిది బుట్ట సర్దుదామని వంగింది. దోనె తిరగబడ్డది. నా తమ్మున్ని ఇదే ముంచింది,” అని నాగక్కను చూపించిండు.

నాగక్క కూడా గదే అన్నది. “నేనే వంగిన. నేనే ముంచిన.” ఆమె చేతుల అప్పుడు ఒక ఆడబిడ్డ, నడక నేర్చింది గాని ఇంకా పాలు మరవలే. పేరు జంపక్క. నీళ్లమీద నిలకడ లేని దాని చేతుల బిడ్డనెట్ల ఉంచుతం అని పగిడయ్య ఆ పసిదాన్ని తన ఇంటికి తీస్కపోయిండు. ఊరోళ్లు నాగక్కను దోనె ఎక్కనియ్యలే. ఆమె ఎదురు తిరగలే. తప్పు చేసినదాన్ని, ఏ మొఖం పెట్టుకుని అడగాలె అనుకుంది.

మా ఆయన మాత్రం బతికిపోయిన్రా దేవుడా అనుకుని ఇంటికొచ్చిండు. ఆ పూట కడుపునిండ తిన్నడు కూడ. నాకు బాగ గుర్తు, రెండోసారి పులుసు పోయించుకున్నడు.

ఆ వానకాలంల ఆ నల్లబండ కాడనే లాంచీ ఇంజన్ ఆగిపోయింది. ఒడ్డున చెట్టుకు లాంచీని కట్టేసి, కింద డ్రైవర్ విప్పుకుంటుంటే ఈయన పైన కూసున్నడు. ఇంకో లాంచీ పక్కనుంచి పోయింది. దాని అలలొచ్చి వీళ్ల లాంచీని ఊపి పోయినయ్. అది మలుపు తిరిగింది. నీళ్లు సల్లబడ్డయ్. ఇగ అయిపోయిందనుకుంటే, నల్లబండకు కొట్టుకున్న అలలు తిరిగొచ్చినయ్. అవతలి కొండకు తగిలినవి కూడా ఎదురొచ్చినయ్. రెండూ నట్టనడుమ కలిసినకాడ నీళ్లు ఇంతెత్తున లేచినయ్. అరనిమిషం లేదు, మళ్ల ఏమెరగనట్టు చదునైపోయినయ్.

రామన్న దోనె బోర్లపడ్డది గీ తిరిగొచ్చిన అలతోటే గదా అనుకున్నడంట. నాకు మాత్రం ఏం చెప్పలే. కడుపుల పెట్టుకున్నడు.

అట్ల కాదేమోనని తనకు తాను చెప్పుకోవాలనే ఆశ మనిషికి. కూనవరం బడిల సైన్సు చెప్పే నిర్మలాదేవి టీచరమ్మ వారం వారం లాంచీలనే వస్తుండె. చుక్కాని పక్కన బల్ల మీద కూసునేది. ఆమెను మెల్లగ కదిపిండు. అల అంటే ఏందమ్మా, నీళ్లు పోతయా, ఇంకేమన్న పోతదా అని. టీచరమ్మకు మస్తు సంబరం, ఇంటింటి ముచ్చట్లు విని విని చెవులు తుప్పు పట్టినయేమో. లాంచీ కట్టే మోకు తీస్కుని ఒక కొసన విదిలించింది. మోకు మీద బొడిప లెక్క ఒకటి అటు కొసకు ఉరికింది. “చూడు పిచ్చయ్యా, మోకు ముందుకు పోయిందా? లేదు. కిందికీ మీదికీ ఊగింది. పోయింది ఊపు ఒక్కటే. దీన్ని అడ్డం ఊగే అల అంటరు. చప్పుడు వేరే తీరు. మీ బోనకల్ టేసన్ల గూడ్సు బండికి ఇంజన్ తగిలిస్తే ఏమైతది?” అన్నది.

“మొదటి డబ్బా రెండోదాన్ని గుద్దుతది, రెండోది మూడోదాన్ని. ఆ గుద్దుడు గార్డు పెట్టెదాక పోతది,” అన్నడు ఈయన.

“డబ్బాలు ఉన్నకాడనే ఉంటయ్, గుద్దుడు పోతది. చప్పుడు కూడా గాలిల గట్లనే, ముందుకూ ఎనక్కూ నెట్టుకుంట వస్తది. నీళ్ల మీద అలకు రెండు తీర్లూ ఉన్నయ్, నీళ్లు గుండ్రంగ తిరుగుతయ్.” లాంచీ మలుపు అవతల ఉండంగనే దాని చప్పుడు ఊళ్లకెట్ల వస్తదో, లాంచీ ఎందుకు కనబడదో కూడా చెప్పింది. చప్పుడు అల పెద్దదంట, కొండ అంచును చుట్టుకుని ఒరిగొస్తది. వెలుగు అల మరీ చిన్నది, అది నేరుగనే పోతది.

మా ఆయనకు కావల్సింది అది కాదు గదా. “మరి గోడకు తగిలితే?” అన్నడు.

“తిరిగొస్తది. ఇసుక ఒడ్డైతే ఏటవాలు మీద పాకి విరిగి సస్తది. నిలువు బండైతే దాదాపు వచ్చినంత ఊపూ ఎనక్కి పంపిస్తది.”

“రెండు ఎదురైతే?”

“మిట్టా మిట్టా కలిస్తే రెండింతలు లేస్తది. మిట్టా పల్లం కలిస్తే రెండూ అణుగుతయ్. కలిసినంక మళ్ల దేని తోవ దానిదే, ఆనవాలు కూడ ఉండదు.” ఇంత చెప్పి ఆ తల్లి, “నీకింత ఆసక్తి ఉంది, మా బడికొచ్చి పిల్లలకు అలల గురించి చెప్పరాదూ? గోదారి మీద బతికెటోనివి, నీ నోట వింటే మరిచిపోరు,” అన్నది. ఈయనకు మొఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక, ఉత్తుత్తిగనే గంట తాడు లాగిండంట. లాంచీ ఆగింది. రేవు లేదు, ఏం లేదు, నడి గోదారిల. ప్రయాణికులు తిట్టుడే తిట్టుడు.

ఆ తర్వాత్తి ముచ్చటే నా తొట్టి. తొట్టి ఒక కొసన తట్టితే అల రెండో గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. ఎదురొచ్చినకాడ ఊక ఎగిరి పడుతుంది. లేచి పోయి ఇంత ఇసుక తెచ్చి, గోడ వారన ఏటవాలుగ పోసిండు. నా బట్టల తొట్టిల! మళ్ల తట్టిండు. అల ఇసుక మీదికి పాకి సచ్చిపోయింది. తిరిగి రాలే. ఇసుకంతా చేత్తోటి తోడి అవతల పారేసిండు. మళ్ల తట్టిండు. మళ్ల తిరిగొచ్చింది.

అప్పుడు ఏడ్చిండు. లగ్గమైన కాడ్నుంచి ఆ మనిషి ఏడ్వంగ నేను చూడలే. తొట్టి అంచు మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చిండు. అంతా చెప్పిండు.

నాకు కోపం ఆగలే. “ఓరి నీ బతుకు పాడుగాను! ఆడిది తన మొగుణ్ణి తానే చంపిన్ననుకుని సస్తుంటే, నువ్వు నా తొట్టిల ఊక చల్లి ఆడుతున్నవా? పోయి చెప్పరాదూ!” అన్న.

“చెప్తే సర్టిఫికెట్ పోతది. కేసైతది. నువ్వేం తింటవే? అయినా చెప్తే రామన్న తిరిగొస్తడా?”

“రామన్న రాడు. బిడ్డ వస్తది గదా!”

అవ్ అన్నడు. పోతా అన్నడు. ఇయ్యాల రేపు, ఇయ్యాల రేపు. దినాలు గడుస్తున్నయ్. పొద్దున పోంగ ఇయ్యాల చెప్తా అంటడు, మర్నాడు మొఖం కిందికేసుకుని వస్తడు. నేనేమన్నా తక్కువ తిన్ననా, రోజూ దులిపేస్తనే ఉన్న. దోనె కనబడితే సాలు గంట కొడుతుండు, తెడ్డు ఎత్తినా ఎత్తకపోయినా. ఎత్తనోళ్లకు కూడా లాంచీ ఆపుతుండు. ఓనరు తిడుతుండు. తిట్లు తింటుంటే ఆయనకు ఇంత హాయిగ ఉంటదంట, గా మాట కూడా నాతోనే అన్నడు. తిట్లు తినుడు సులువయ్యా, నోరు తెరుసుడే కష్టం అన్న నేను.

ఇగ చివరికి ఆయన నోరు తెరిపించింది నాగక్కే. మద్దిరేవుల లాంచీ ఆగినప్పుడు ఆమె చింతపండు మూటలు తెచ్చి లాంచీల వేసి పోతుండె. తాను ఎక్కేది కాదు, సంతకు అడవి తోవన నడిచి పోయేది. ఒకనాడు మూట వేసి, కొంగుల నుంచి చిన్న గాజులు తీసి ఈయన చేతుల పెట్టింది. రెండు ఎర్రవి, రెండు పచ్చవి.

“అన్నా, మా బావ ఇంట్ల నా బిడ్డకియ్యవా? నేనిచ్చిన అనకు, పారేస్తరు. నువ్వే భద్రాచలంల కొనుకొచ్చిన అను.”

ఈయన పోయిండు. పగిడయ్య ఇంట్ల ఆ పిల్లకు గాజులు తొడిగిండు. “ఎంత మంచోడివి సరంగూ, తండ్రి లేని పిల్లని మనసుల పెట్టుకున్నవ్,” అని పగిడయ్య కల్లు పోసిండు. ఈయన ముంత కింద పెట్టి లేచొచ్చిండు.

ఆ వారమే ఓనరుకు చెప్పకుండ ఖాళీ లాంచీ తీసిండు. నన్ను కూడా ఎక్కమన్నడు. “నువ్వు పక్కనుంటే ఎనక్కి తిరగను,” అన్నడు. డ్రైవర్‌కు ముందే అంతా చెప్పి పెట్టిండు.

మద్దిరేవుల దిగి పగిడయ్య కాళ్ల కాడ కూసున్నడు. “అన్నా, నీ దోనె ఒకటియ్యి. ఇద్దరు మనుషుల బరువుకు రాళ్లు వెయ్యి. నల్లబండ కాడ, రామన్న పోయిన చోట, ముక్కు అలకు ఎదురుండేటట్టు లంగరు రాయి కట్టి వదులు. ఊరంతా ఒడ్డుకు రావాలె. నాగక్క కూడా రావాలె. ఎందుకని ఇప్పుడడగకు,” అన్నడు. మంచోడని పేరుంది గదా, పగిడయ్య కాదనలే.

నేను ఒడ్డునే ఉన్న. నాగక్క అందరికీ ఎడంగ నిలబడ్డది. జంపక్క తన పెద్దమ్మ, పగిడయ్య భార్య చెయ్యి పట్టుకుని ఉంది, చేతికి గాజులు. లాంచీ పైకి పోయి తిరిగొచ్చింది. మొదలు చప్పుడొచ్చింది, తర్వాత లాంచీ కనబడ్డది. ఆనాటి జోరుతోటే దోనె పక్కనుంచి పోయింది. దోనె ఎక్కి దిగింది, ఎక్కి దిగింది. లాంచీ మలుపు తిరిగింది. నీళ్లు సద్దుమణిగినయ్.

“చూసిన్రా? అల పోయింది. దోనెకేమైంది?” అన్నడు పగిడయ్య.

దోనెల వంగెటోళ్లు లేరు, బుట్ట సర్దెటోళ్లు లేరు, రాళ్లే ఉన్నయ్. నల్లబండ వారన నీళ్లు చిన్నగ కదిలినయ్. అటునుంచొక వరుస, ఇటునుంచొక వరుస. దోనె కాడ కలిసినయ్. నీళ్లు ఎగదన్నినట్టు లేచినయ్, దోనె పక్కకొరిగి, రాళ్లు గలగల ఒక దిక్కుకు జారి, బోర్లా పడ్డది.

పగిడయ్య అట్లనే కూలబడ్డడు. నాగక్క మాత్రం నీళ్ల దిక్కే చూస్తుంది, రెప్ప కొట్టలే.

లాంచీ ఎనక్కి తిప్పి ఒడ్డుకు పెట్టి మా ఆయన దిగిండు. “చెల్లె, ఆనాడు లాంచీ మీద నేనే ఉన్న. నువ్వు తెడ్డు ఎత్తంగ చూసిన. గంట కొట్టలే. నువ్వు వంగినందుకు కాదు, నా అల తిరిగొచ్చినందుకు రామన్న పోయిండు,” అన్నడు.

కర్రలు లేస్తయనుకున్న. లేవలే. నాగక్క అడిగింది, “నీకెప్పుడు తెల్సింది?”

అబద్ధం చెప్తడేమో అనుకున్న. చెప్పలే. “ఆ వానకాలమే.”

“ఆ వానకాలం నా బిడ్డకు ఇంకా నా రొమ్ము గుర్తుండె,” అన్నది నాగక్క. తిట్టలే, అరవలే. తిడితే బాగుండని నేనే అనుకున్న.

పగిడయ్య లేచి, మరదలి మొఖం చూడలేక నేల చూస్కుంట, “బిడ్డను తీస్కో,” అన్నడు. పెద్దమ్మ జంపక్క చెయ్యి విడిచింది. నాగక్క చేతులు సాపింది. పిల్ల కదల్లే. అందరి మొఖాలూ చూసి పెదనాయినను అడిగింది, “ఆమె కాడికి పోతే నన్ను నీళ్లల్ల ముంచదా?”

పగిడయ్య మా ఆయన దిక్కు తిరిగి, “నువ్వే చెప్పు,” అన్నడు.

మా ఆయన ఇసుకల మోకాళ్ల మీద కూసుని పిల్ల ముందరికి జరిగిండు. “ముంచదు బిడ్డా. మీ నాయినను ముంచింది ఆమె కాదు. నేను,” అన్నడు.

పిల్ల ఆయన దిక్కు చూసింది. తనకు గాజులు తొడిగిన మనిషి. చూస్తుండంగనే కండ్లు పెద్దగైనయ్. ఒక్క కేక పెట్టి ఎనక్కి ఉరికి, ఎవరు దొరికితే వాళ్లను పట్టుకుంది. దొరికింది నాగక్క. ఆమె కొంగుల మొఖం దాచుకుని, “వద్దు, ఆయనొద్దు, పంపెయ్యి,” అని ఏడ్చింది. నాగక్క బిడ్డను ఎత్తుకుని గట్టిగ అదుముకుంది. మా ఆయన లేచి, తల వంచుకుని లాంచీ దిక్కు నడిచిండు.